వడియం మెదడు వెలిగిన వైనం

మా వడియం ముందు కుడికాలు కుంటుతోందని తీసుకెళ్తే, తలకి ఫొటో తియ్యాలన్నారు.

వడియం నా మేక. పుట్టిన రెండో నెలలోనే, మంచం మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు సగం తినేసింది. ఆ సగం పోయినందుకు ఈ పేరు మిగిలింది. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. నాకెన్నేళ్ళో ఎవరూ రాసిపెట్టలేదు. అడిగినవాళ్ళకి డెబ్బై అని చెప్తాను. చాలాకాలంగా అలాగే చెప్తున్నాను.

ఊరి శివార్లో పశువుల ఆస్పత్రి ఉండేది. కాలు నొప్పంటే కాలు పట్టుకుని చూసేవారు, కడుపు నొప్పంటే కడుపు నొక్కి చూసేవారు. ఇప్పుడక్కడ మూడంతస్తుల మేడ లేచింది. పైన బోర్డు: ‘జంతు మస్తిష్క సూచీచికిత్సా పరిశోధనా సంస్థ’. నేను బడికి వెళ్ళలేదు గానీ, పకోడీల పొట్లాలు విప్పి విప్పి చదవడం నేర్చుకున్నాను. ఆ బోర్డు చదవడానికి మాత్రం రెండు సార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

సంస్థ సంచాలకులు డాక్టర్ కొర్లకోట విశ్వంభరరావు గారు. ఆయన వడియం కాలి వైపు చూడలేదు. కుంటు కాలిలో కనబడుతుందే తప్ప కాలిలో ఉండదనీ, ఉండేది మస్తిష్కంలోననీ చెప్పారు. సూదులు గుచ్చితే జంతువుల జబ్బులు తగ్గుతాయని పెద్దలెప్పుడో అన్నారట. గుచ్చినప్పుడు మెదడులో ఏ భాగం వెలుగుతుందో ఫొటో తీసి నిరూపించడానికి ఈ సంస్థ పుట్టిందట. ఒక్కసారి గిట్ట ఎత్తి చూడకూడదా బాబూ అని అడిగాను.

“పాదపరిశీలన గత నెల ఒకటో తారీఖు నుంచి రద్దయిందమ్మా,” అన్నారాయన.

లోపల వరసగా మూడు తలుపులున్నాయి. మొదటి తలుపు దాకా పశువు యజమాని రావచ్చు. రెండో తలుపు దాకా సిబ్బంది. మూడో తలుపు మీద రాసి ఉంది: ‘జంతువు, సూచి తప్ప అన్యులకు ప్రవేశము లేదు.’ డాక్టర్లు కూడా సూది గుచ్చి, ఫొటో తీసేటప్పుడు అద్దం వెనక గదిలోకి పోవలసిందే.

నాకు తెల్ల తలుపులు పడవు. నా మనుషులు ముగ్గురు అలాంటి తలుపుల్లోంచే లోపలికి వెళ్ళారు. మొదట మా ఆయన, తర్వాత మా అక్క, తర్వాత మా తమ్ముడు. ప్రతిసారీ ఎవరో ఒకరు బయటికొచ్చి, “ఇక్కడే కూర్చోండమ్మా, ఐదు నిమిషాలు” అన్నారు. ఆ ఐదు నిమిషాలు ఇంకా అవలేదు. అందుకని వడియం మెడతాడు గట్టిగా పట్టుకుని, ముందు సంతకం పెట్టమన్న కాగితం చదువుతానన్నాను.

కాగితం చదవడం ఆ సంస్థలో కొత్త. ఇచ్చిన వాళ్ళూ చదవలేదు, పుచ్చుకున్న వాళ్ళూ చదవలేదు. నేను తొమ్మిదో అంశం దాకా వచ్చేసరికి ‘అధ్యయనాంతమున జంతువు అంతిమ పరిశీలనకు లోబడును’ అని కనబడింది. అంటే ఏమిటని సంచాలకుల వారిని అడిగితే, అది సాంకేతికం అన్నారు. తలుపుల దగ్గరుండే అటెండరు అసిరినాయుడు మా పక్క ఊరివాడే. ఆర్నెల్లలో రిటైరైపోయే మనిషి. అతన్ని పక్కకి పిలిచి అడిగాను.

“నువ్వు సదివింది నిజమే మామ్మా,” అన్నాడతను నేల చూస్తూ. “ఫొటోలో అగుపించింది నిజవో కాదో తేల్చాలి గదా. ఆకర్న పుర్రె ఇప్పి సూత్తారు. ఆల్లకది రూలు.”

నేను సంతకం పెట్టనన్నాను. వడియాన్ని తోలుకుపోతానన్నాను. సంచాలకుల వారు ఏమీ కోప్పడలేదు. నా సంతకం వారికి అక్కరలేదట. కొత్త నీతి నియమావళి ప్రకారం, ఎవరి మెదడుకి ఫొటో తీస్తారో వారి సమ్మతే కావాలి. నేను కాగితం చదువుతున్నంతసేపట్లో వడియం కుంటికాలిని సిరా దిండు మీద పెట్టి, కాగితం మీద నొక్కేశారు. కింద చక్కగా రాశారు కూడా: ‘శ్రీమతి వడియం గారు, స్వయంగా.’

సమ్మతిని వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ వడియం గారే తీసుకోవాలట. అది కూడా, అదే జాతికి చెందిన ఇద్దరు సాక్షుల ఎదుట.

మేకల్ని సాక్ష్యానికి తేవడం నా వల్ల కాలేదు. మొదటి తలుపు పక్కన చాప పరుచుకుని కూర్చున్నాను.

అయితే అధ్యయనం అంత తొందరగా మొదలవలేదు. అక్కడో చిక్కుంది. ఫొటో తీసే యంత్రం పెద్ద అయస్కాంతం. ఇనుము ఎక్కడున్నా లాక్కుంటుంది. సూదులేమో ఉక్కువి. ప్రారంభోత్సవం నాడు వెయ్యి సూదుల పెట్టె లోపలికి తీసుకెళ్తే, అవన్నీ దూడని వదిలేసి యంత్రానికి గుచ్చుకున్నాయట. యంత్రానికి ఏ జబ్బు తగ్గిందో తెలీదు గానీ, దాన్ని బాగుచెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. సూదుల కోసం యంత్రం, ఆ యంత్రం ఉన్న గదిలోకి సూదులు రాకూడదు. ఈ సంగతి రెండూ కొన్నాకే బయటపడింది.

దాని మీద ముళ్ళ సంఘం వేశారు. సంఘం మూడు సార్లు కూర్చుంది. తుమ్మముల్లు మరీ పొడుగన్నారు. బ్రహ్మజెముడు ముల్లుకి పేరు గంభీరంగా ఉన్నా చర్మం దురద పెడుతుందన్నారు. రేగుముల్లు దిగడమే గానీ రావడం ఎరగదన్నారు. చివరికి నిమ్మముల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. మర్నాడు సిబ్బంది అంతా నిమ్మతోటకి పోయి, చేతులకి కట్లతో తిరిగొచ్చారు.

ఈ సందడిలో అసిరినాయుడు, ఎవరూ చూడకుండా వడియం గిట్ట ఎత్తి చూశాడు. రెండు డెక్కల సందులో విరిగిన తుమ్మముల్లు ఉంది. గోటితో పట్టి లాగేశాడు. వడియం రెండడుగులు కుంటి, మూడో అడుగు మామూలుగా వేసింది. నాలుగో అడుగుకి సంచాలకుల వారి బల్ల మీది పూలగుత్తి అందుకుంది.

నేను దణ్ణం పెట్టి, రోగం తగ్గింది కాబట్టి సెలవిప్పించమన్నాను. సంచాలకుల వారి మొహం నల్లబడింది. అది అనధికారిక స్వస్థత అన్నారు. మస్తిష్కం ద్వారా తగ్గనిది తగ్గినట్టు లెక్క కాదన్నారు. అసిరినాయుడికి సంజాయిషీ కాగితం ఇచ్చారు. వడియం కాగితంలో మాత్రం ‘కుంటుచున్నట్టే భావించవలెను’ అని రాసుకున్నారు. ఆ తుమ్మముల్లుని సీసాలో పెట్టి, గిట్టలో వారం రోజులున్నది గనక దీర్ఘకాలిక సూచీచికిత్సగా పరిగణించవచ్చునా అని పై అధికారులకి రాశారు.

ఇక ఫొటో. యంత్రం నోరు తెరిచిన పెద్ద గొట్టం. లోపల పడుకోబెడితే రైసుమిల్లు ఆడినట్టు చప్పుడు. వడియం మూడు సార్లు లేచి, మూడు తలుపులూ తోసుకుని నా ఒళ్ళోకొచ్చి పడింది. మత్తు మందిస్తే మెదడు కూడా పడుకుంటుంది, అప్పుడు ఫొటోలో ఏమీ ఉండదు. మెలకువగా ఉండాలి, కదలకూడదు. అలాంటి మేక ఈ భూమ్మీద లేదని డాక్టర్ హిమజ చెప్పింది. ఆ పిల్ల అక్కడ కొత్తగా చేరిన డాక్టరు. సంస్థలో నన్ను కూర్చోమని చెప్పింది ఆమె ఒక్కతే.

నేను కనబడేలా ఉంటే మేక ఊరుకుంటుందని హిమజే అడిగి, ఒక్కరోజుకి నాకు అనుమతి తెచ్చింది. మూడో తలుపు గడప మీద కూర్చోవచ్చు, గడప దాటకూడదు. నా ఒంటి మీది ఇనుమంతా తీసెయ్యాలన్నారు. గాజులకి తగిలించుకున్న పిన్నీసులు తీశాను. మెట్టెలు లేవు. ముక్కుపుడక ఇనుముది కాదన్నా వినలేదు. పెళ్ళినాడు పెట్టినది రానంటే, సబ్బు రాసి అరగంట తిప్పారు.

హిమజ వడియం మెడ దగ్గర ఒక ముల్లు దించి బయటికి పోయింది. అద్దం వెనక తెర మీద మెదడు చీకటిగా ఉంది. మూడు ముళ్ళు దించింది. చీకటే. ఏడు దించింది. సంచాలకుల వారు తెర మీద దుమ్ముందేమో తుడిపించారు. తుడిచాక చీకటి ఇంకా శుభ్రంగా కనిపించింది. విసిగిపోయి ముళ్ళన్నీ తీసేయమన్నారు. హిమజ ఒక్కోటీ తీసి పళ్ళెంలో వేసుకుని వెళ్ళింది. యంత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

అప్పుడు వడియం ఒక్క కూత కూసింది. అది గట్టి కూత కాదు. నేను ఉన్నానా లేనా అని అడిగే కూత. నేను గడప సంగతి మర్చిపోయాను. వెళ్ళి దాని రెండు చెంపలూ నిమిరి, చేతులు నా కణతలకి ఆనించి మెటికలు విరిచాను. దిష్టి తీసినట్టు. “నా పాడు కళ్ళే తగిలుంటాయి తల్లీ,” అన్నాను. పదివేళ్ళూ పటపటా విరిగాయి.

అద్దం వెనక ఎవరో కుర్చీ పడేశారు.

తర్వాత హిమజ చెప్పింది. వడియం మెదడు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, అమ్మోరి తీర్థంలో లైట్ల పందిరిలా వెలిగిందట. ఎర్రవి, పచ్చవి, ఆ యంత్రం పుట్టాక ఎప్పుడూ చూపించని రంగులు కూడా. సంచాలకుల వారు లేచి నిలబడి, సూచి పనిచేసిందని ప్రకటించారు. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నిమ్మముల్లు గుచ్చుకున్న చేతులు కాబట్టి మెల్లిగా పట్టుకున్నారు.

“సార్, అప్పటికి ముళ్ళన్నీ తీసేశాం,” అంది హిమజ.

సంచాలకుల వారు మళ్ళీ కూర్చున్నారట. తర్వాత నియమావళి తెప్పించారు. మొదటి పేజీలో నిర్వచనం ఉంది. ‘సూచి అనగా, చికిత్సార్థము జంతువును తాకి, దాని మస్తిష్కమున స్పందన కలిగించునది.’ అక్కడ ఇనుమని లేదు, ముల్లని లేదు, సన్నగా ఉండాలని కూడా లేదు. గదిలో ఆ సమయానికి వడియాన్ని తాకింది ఎవరు, స్పందన ఎవరి వల్ల కలిగింది? తర్కంలో లోపం లేదు. సాయంత్రం నాలుగు గంటలకి నన్ను సూదిగా ప్రకటించారు.

నన్ను కూర్చోబెట్టి చెప్పారు. అభ్యంతరం ఉందా అని అడగలేదు. సూదుల్ని అలా అడిగే అలవాటు లేదు. నేను ఒక్కటే ఆలోచించాను. మూడో తలుపు లోపలికి జంతువు, సూది తప్ప ఎవరూ పోకూడదు. యజమానిగా ఉంటే చాప మీద ఉంటాను. సూదినైతే లోపల ఉంటాను. సరే బాబూ అన్నాను.

మర్నాటి నుంచి సూదులకున్న నియమాలన్నీ నాకొచ్చాయి. పొడవు కొలిచారు: నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ‘వంపు: స్వల్పము’ అని రాశారు, నా నడుము చూసి. వాడే ముందు ప్రతి సూదినీ మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచాలి. హిమజ చాలా వాదించి దాన్ని వేణ్ణీళ్ళ స్నానం కిందికి దింపింది. గుచ్చే లోతు అంటే తలుపు నుంచి ఆరడుగులు. గుచ్చే కోణం అంటే నేను మేక మీదికి వంగే కోణం. దాన్ని చెక్క మట్టంతో కొలిచేవారు. మెటికల చప్పుడు ఒక్కోటీ ఒక్కో గీతగా కాగితం మీద పడేది. ఎడమ చిటికెన వేలు సరిగా విరగడంలేదని రెండు సార్లు హెచ్చరించారు.

అన్నిటికంటే ఇబ్బంది, తిప్పడం. గుచ్చిన సూదిని అయిదు నిమిషాలకోసారి కుడికీ ఎడమకీ తిప్పాలట. అలా తిప్పితేనే ఫలితమట. ఆ పని అసిరినాయుడికి పడింది. అతనూ లోపలికి రాకూడదు గనక, గడప అవతల నిలబడి, వెదురు గడకి గుడ్డ చుట్టి, నా భుజం మీద ఆనించి తిప్పేవాడు.

“తిప్పుతన్నాను మామ్మా, కోప్పడకు,” అనేవాడు ప్రతిసారీ.

నాకు కళ్ళు తిరిగేవి. వడియం మెదడు మాత్రం బ్రహ్మాండంగా వెలిగేది.

నెగ్గిన సూదిని నమ్మాలంటే నకిలీ సూది కూడా ఉండాలన్నారు. శాస్త్రంలో అది పద్ధతట. నా ఎత్తు, నా రంగు ఉన్న మనిషి కోసం వెతికి, గేటు దగ్గర మరమరాలమ్మే తవిటమ్మని పట్టుకొచ్చారు. నా చీరే కట్టారు. అసలుకీ నకిలీకీ తేడా జంతువుకి తెలియకూడదు గనక వడియానికి ఏమీ చెప్పొద్దని అందరికీ ఉత్తర్వు వేశారు. తవిటమ్మ లోపలికెళ్ళి, చెంపలు నిమిరి, నాకంటే బాగా మెటికలు విరిచింది. మెదడులో ఒక్క మూల చిన్న చుక్క వెలిగింది. సంచాలకుల వారు ఉలిక్కిపడ్డారు. విచారిస్తే, తవిటమ్మ కొంగున మరమరాలున్నాయి. ఆ చుక్కని మరమరాల కేంద్రంగా గుర్తించి, దాని మీద వేరే వ్యాసం రాసుకున్నారు.

కాగితం మీద తన పేరు పక్కన ఏం రాశారో తవిటమ్మ నా చేత చదివించుకుంది. విని, కొంగు దోపుకుని సంచాలకుల వారి గదికి వెళ్ళింది.

“నలభయ్యేళ్ళ బట్టి మరమరాలమ్ముతన్నాను. కల్తీ అన్నోడు లేడు, నకిలీ అన్నోడు లేడు. మీ మేక నన్ను సూసి ఎలగకపోతే అది మేక తప్పు,” అంది.

సంచాలకుల వారు ఆ అభ్యంతరాన్ని నమోదు చేయించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫలితం ఒక్క మేకదే అంటే ఎవరూ నమ్మరని, మిగతా పశువుల్ని కూడా యంత్రంలో పెట్టారు. కుక్క మెదడు దాన్ని పెంచిన దర్జీకి వెలిగింది. పొట్టేలు మెదడు దాన్ని కాసేవాడికి వెలిగింది. దాంతో ‘ఇకపై పశువును తెచ్చువారు దాని సూచిని వెంట తేవలెను’ అని గేటుకి నోటీసు కట్టారు. ఒక పాడిగేదె విషయంలో మాత్రం గొడవైంది. ఇంటి యజమాని చెయ్యి వేస్తే మెదడు చీకటి. ఆయన భార్య వేసినా చీకటే. పక్కింటావిడ దారినపోతూ “ఏమే” అంటే చాలు, మొత్తం వెలిగిపోయింది. అయిదేళ్ళుగా దొంగచాటుగా తవుడు పెడుతోందట. ఆ రెండిళ్ళకీ ఇప్పటికీ మాటల్లేవు.

ఈ సూదులందర్నీ ఒక గదిలో ఉంచారు. గది మీద ‘సూచీభాండాగారము’ అని రాశారు. పొడవు వారీగా కూర్చోవాలి. దర్జీ మాకందరికీ ఊడిన బొత్తాలు కుట్టిపెట్టాడు. సూది చేతిలో సూది ఉండకూడదని అదీ మాన్పించారు.

నేను మాత్రం ఆ గదిలో నిమ్మళంగా కూర్చోలేకపోయాను. ఎవరు నడిచినా తేదీ చెప్పడానికే వస్తున్నారనిపించేది. పదిహేనో రోజున ఆ మనిషి వచ్చేశాడు. రాజధాని నుంచి అయిదుగురు పెద్దలు వస్తున్నారు. గురువారం పదకొండు గంటలకి సూచీ ఉపసంహరణ. పన్నెండు గంటలకి వడియం అంతిమ పరిశీలన. ఒంటిగంటకి భోజనాలు.

నేను సంచాలకుల వారి గదికి వెళ్ళి, పరిశీలన అయ్యాక వడియం ఎక్కడికి వస్తుంది బాబూ అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీశారు. నిజంగా గౌరవంగానే చెప్పారు.

“వడియం గారు విజ్ఞానంలో లీనమవుతారమ్మా.”

చాలామంది నాకు ఇలాంటి మాటలే చెప్పారు. మా ఆయన పైవాడిలో లీనమయ్యారన్నారు. మా తమ్ముడి సంగతి అడిగితే, ‘ప్రయత్నం చేశాం’ అన్నారు. అప్పుడల్లా నేను తలుపు బయట ఉన్నాను. లోపల ఎవరు చెయ్యి పట్టుకున్నారో, పట్టుకున్నారో లేదో నాకు తెలీదు. ఈసారి లోపల ఉన్నాను కదా అనుకున్నాను. ఉండి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు.

సూదికి పని లేనప్పుడు చెయ్యడానికేమీ ఉండదు. అందుకని హిమజని అడిగి నియమావళి తెచ్చుకున్నాను. నూటపన్నెండు పేజీలు. నిర్వచనం ఉన్న మొదటి పేజీ నలిగి ఉంది. మిగతావి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. గోటితో విడదీసుకుంటూ చదివాను. సూదులు కొనడం, దాచడం, తుడవడం, పారెయ్యడం. చాలా మాటలు అర్థంకాలేదు. అర్థంకానివి అసిరినాయుణ్ణి అడిగాను. అతనికీ అర్థంకానివి ఇద్దరం వదిలేశాం. బుధవారం మధ్యాహ్నానికి ఎనభై ఏడో పేజీకి వచ్చాను. ఆ పేజీ మూడు సార్లు చదివాను. పుస్తకం తలకింద పెట్టుకున్నాను.

గురువారం పెద్దలు అయిదుగురూ వచ్చి అద్దం వెనక కూర్చున్నారు. ఈ ఒక్క పూటకీ సిబ్బందికి లోపలికి రావడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. నేను యంత్రం పక్కన నేలమీద కూర్చున్నాను. వడియం గడ్డం నా ఒళ్ళో ఉంది. పదకొండైంది. సూచిని ఉపసంహరించండి అన్నారు సంచాలకుల వారు. అసిరినాయుడు వచ్చి నా భుజం పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ లాగలేదు.

“నేను రాను బాబూ,” అన్నాను. “ఇరుక్కుపోయాను.”

సూదులు మాట్లాడవని సంచాలకుల వారు పెద్దలకి విన్నవించారు. నేను ఎనభై ఏడో పేజీ అన్నాను. పెద్దల్లో ఒకాయన ఆ పేజీ చదవమన్నారు. నియమావళి పైకి చదవమని పెద్దలు అడిగితే చదవకుండా ఉండడానికి ఏ నియమమూ లేదు. సంచాలకుల వారు చదివారు. గుచ్చిన సూదిని ఒక్కోసారి జంతువు కండరం బిగించి పట్టేస్తుంది. దాన్ని ఇరుక్కున్న సూచి అందురు. మొదటిది: బలవంతముగా లాగరాదు, సూచి విరుగును.

అయిదుగురూ అద్దంలోంచి నా మోచేతులు, మోకాళ్ళు చూసి, విరుగుతుందని ఒప్పుకున్నారు.

రెండోది: పది నిమిషాలు వేచియుండవలెను. వేచి ఉన్నారు. ఎవరో దగ్గారు. మూడోది: సూచి చుట్టుపక్కల కండరమును మృదువుగా నిమురవలెను. హిమజ వచ్చి వడియం మెడ నిమిరింది. హాయిగా ఉందేమో, వడియం నా ఒళ్ళో నిద్రపోయింది. ఇప్పుడు సూది ఇంకా గట్టిగా ఇరుక్కుంది.

నాలుగోది: ఇరుక్కున్న సూచి పక్కన మరియొక సూచిని గుచ్చవలెను.

మిగతా సూదులు వేరే పశువులవి. ఒక జంతువు సూదిని మరో జంతువుకి వాడకూడదని ముప్పై రెండో పేజీ. వడియానికి గుచ్చిన అనుభవం ఉన్నది ఒక్క తవిటమ్మే. గేటు దగ్గర్నుంచి ఆమెని పిలిపించి, అక్కడికక్కడే నకిలీ నుంచి అసలుకి పదోన్నతి ఇచ్చారు. మరమరాలు బయట పెట్టించి, నా పక్కన గుచ్చారు. తవిటమ్మ నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

“సూది సూదిని పీకుద్దేటి బాబూ,” అంది పైకి. నా చెవిలో మాత్రం, “నువ్వూరుకో. లెగమాకు,” అంది.

పన్నెండైంది. ఒంటిగంట కూడా కావస్తోంది. పెద్దలు గడియారాలు చూసుకుంటున్నారు.  ఐదోది అనుకున్నట్టు ఉందా, నేనే తప్పుగా చదివానా అని భయం. బడికి వెళ్ళనివాళ్ళకి చదివింది గుర్తుంటుంది గానీ, చదివామన్న ధైర్యం ఉండదు.

సంచాలకుల వారు ఐదోది మెల్లిగా చదివారు. పై మార్గములు ఫలించని యెడల, అట్టి జంతువు అంతిమ పరిశీలనకు అనర్హము. సూచి తనంతట తాను వెలుపలికి వచ్చువరకు, సూచీసహితముగా జంతువును దాని సహజ నివాసమునకు పంపవలెను.

మేక సహజ నివాసమేదని పెద్దల్లో ఒకాయన అడిగారు. హిమజ కాగితాలు తిరగేసి, సూది ఇల్లేనండీ అని చెప్పింది.

సంచాలకుల వారు కుంగిపోతారనుకున్నాను. ఆయన ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిచారు. ఇంతవరకూ జరిగింది లఘు అధ్యయనమనీ, ఇప్పుడిది దీర్ఘకాలిక అధ్యయనంగా ఎదిగిందనీ, ప్రపంచంలో ఇరుక్కున్న సూది మీద ఇదే మొదటి పరిశోధననీ పెద్దలకి విన్నవించారు. పెద్దలు చప్పట్లు కొట్టి భోజనాలకి లేచారు. మమ్మల్ని సంస్థ బండిలో ఇంటి దగ్గర దింపారు. విడివిడిగా దింపకూడదు గనక అసిరినాయుడూ డ్రైవరూ మమ్మల్నిద్దర్నీ ఒకేసారి ఎత్తి దింపారు.

ఆ మర్నాడు దర్జీ ఇరుక్కుపోయాడట. ఆ సాయంత్రానికి పొట్టేలు కాసేవాడు. వారం తిరిగేసరికి సూచీభాండాగారం ఖాళీ. పాడిగేదె మాత్రం పక్కింటికి వెళ్ళిందంటారు, నేను చూడలేదు.

మూడు నెలలకోసారి తనిఖీ ఉంటుంది. మొన్న హిమజా, అసిరినాయుడూ వచ్చారు. అసిరినాయుడు అప్పటికే రిటైరైపోయాడు, ఊరికే వచ్చాడు. వడియం నా మంచం పక్కన పడుకుని నెమరేస్తోంది. హిమజ నా ఎదురుగా పీట వేసుకుని కాగితం నింపింది. సూచి స్థితి: ఇరుక్కునే ఉన్నది. తుప్పు: లేదు. వంపు: స్వల్పము కంటే కొంచెము ఎక్కువ.

చివర ఒక గడి దగ్గర ఆగిపోయింది. ఏమిటని అడిగితే కాగితం నా వైపు తిప్పింది. ‘సూచి వెలుపలికి వచ్చు అంచనా తేదీ.’

మేకలు పన్నెండేళ్ళో పద్నాలుగేళ్ళో బతుకుతాయి. నేను డెబ్బై అని చెప్తున్నాను గానీ, నాకు తెలుసు. ఎవరు ముందో, ఎవరు తలుపు బయట మిగిలిపోతారో, ఆ లెక్క నేను వెయ్యని పూట లేదు.

“అది రాయకమ్మా,” అన్నాను.

“ఖాళీగా వదిలితే తీసుకోరు మామ్మా.”

హిమజ కలం కొస పళ్ళ మధ్య పెట్టుకుని వడియం వైపు కాసేపు చూసింది. తర్వాత ఆ గడిలో, తేదీ రాయవలసిన చోట, ‘కదపరాదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద సంతకం పెట్టింది.

ఆమె కలం మూస్తుండగానే వడియం లేచి, ఒళ్ళు దులుపుకుని, కంచె అవతలి అవిసె కొమ్మ వైపు నడిచింది. నేనూ మంచం పట్టుకుని లేచి వెనకాలే వెళ్ళాను.

“మామ్మా, ఇప్పుడేగా కదపరాదని రాశాను,” అంది హిమజ.

“సూది కదల్లేదమ్మా,” అన్నాను. “మేక కదిలింది.”